డ్రైవరు దిగి వెళ్ళిపోయాడు

మేడ మీది నా గది,
సెప్టెంబరు 4

అక్కకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే తిట్టడానికి నీకు ఊపు ఎక్కువొస్తుంది.

నా పదకొండో నవల మొన్న వచ్చింది. దాని చివరి పేజీలో నీ షెల్టరు అడ్రసు ఉంది. నిన్ను అడక్కుండా నేనే వేయించాను. పదహారేళ్ళు సైన్యంలో నర్సుగా చేసి, అది చాలదన్నట్టు నిలువ నీడ లేని మాజీ సైనికుల్ని ముప్పై మందిని చేరదీసి వండి పెడుతున్నదానివి, తమ్ముడి తప్పు ఒకటి కాయలేవా?

జరిగింది చెబుతాను. ఆ నవల అచ్చుకి వెళ్ళే ముందు పుస్తకాల షాపులో పాఠకుల సభ పెట్టారు. ఊరూరా ఉన్న నా అభిమానులు తమకి తాము 'కెప్టెన్ దళం' అని పేరు పెట్టుకున్నారని నీకు తెలుసుగా. ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు బ్యాంకు క్లర్కులు, ఒక టైలరు, రిటైరైన లెక్కల టీచరమ్మ, ఇలాంటి వీరులు. నా కెప్టెన్ ఏ నవల్లో ఎవరిని ఎన్నో పేజీలో కాల్చాడో నాకు గుర్తుండదు, వాళ్ళకి ఉంటుంది. ఆ రోజు టీచరమ్మ లేచి, "పది పుస్తకాలుగా సైనికుల పేరు చెప్పుకుని బతుకుతున్నారు. ఒక్క సైనికుడికైనా ఒక జత మేజోళ్ళు ఇచ్చారా?" అంది. అక్కా, యుద్ధం గురించి మూడు వేల పేజీలు రాసినవాణ్ణి, ఆ ఒక్క మాటకి నీళ్ళ గ్లాసు వెతుక్కున్నాను. బల్లి కనబడితే కుర్చీ ఎక్కే మనిషిని. సరిహద్దులో మంచు తుఫాను గురించి ఫ్యాను కింద బనీనుతో కూర్చుని రాసేవాణ్ణి. ఏం చెప్పను? "వచ్చే నెల చూడండి" అన్నాను. నోరు జారింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు పడ్డాక మాట వెనక్కి తీసుకునేంత ధైర్యం నాకు లేదు.

అందుకే చివరి పేజీలో ఈ విజ్ఞప్తి. సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఉత్తరాలూ మేజోళ్ళూ పంపమన్నాను. రోడ్డున పడ్డ మాజీ సైనికులకి ఏం పంపాలో జాబితా రాస్తే చప్పగా ఉంటుందనిపించి, "మూడో నవల్లో కెప్టెన్ తన నేస్తానికి ఏమిచ్చాడో మీరూ అదే ఇవ్వండి" అని రాశాను. కెప్టెన్ ఇచ్చింది దుప్పటి. కాబట్టి చలికాలానికి నీకు దుప్పట్లకి లోటుండదు. కోపం తగ్గాక జవాబు రాయి.

నీ తమ్ముడు


షెల్టరు స్టోరు గది, బస్తాల మధ్య,
అక్టోబరు 9

ఒరేయ్,

కూర్చునే చదివాను. ఊపేమీ తగ్గలేదు.

పార్సిళ్ళు వచ్చాయి. దుప్పట్లు నాలుగు. బూట్లు రెండు వందల పన్నెండు. జతలనుకునేవు, కాదు. ఒక్కొక్క పార్సిల్లో ఒక్కొక్క బూటు, అన్నీ ఎడమ కాలివే. పోస్టుమాను నన్ను చూసే చూపు మారిపోయింది. ఇదేం మాయరోగమో అర్థం కాక నీ మూడో నవల తీశాను. చివర్లో నీ కెప్టెన్ నేస్తం సమాధి దగ్గర ఎడమ కాలి బూటు విడిచిపెట్టి, ఒంటి బూటుతో మంచులో పదకొండు మైళ్ళు నడుస్తాడు. జనం గుండెల్లో పెట్టుకున్నది దాన్ని. దుప్పటి సంగతి నువ్వు అర వాక్యంలో తేల్చేశావు, అదెవడికి గుర్తుంటుంది? నర్సుని కాబట్టి చెబుతున్నాను, మంచులో అంత దూరం ఉత్త కాలితో నడిచినవాడికి ఆ కాలి వేళ్ళు మిగలవు. తర్వాత ఎనిమిది నవలల్లో వాడు ఎలా పరిగెత్తాడో నువ్వే చెప్పాలి.

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా స్టోరు గది. బియ్యం బస్తాలు బయట, బూట్లు లోపల. ఇక్కడి ముప్పై ఒక్క మందిలో ఒకాయనకి ఎడమ కాలు మాత్రమే ఉంది. ఆయన ఒక్కడే నిన్ను దీవించాడు. ఇక ఈ జన్మకి కొనక్కర్లేదన్నాడు.

నీ పుణ్యమా అని ఆ నవల మళ్ళీ చదవాల్సొచ్చింది. మధ్యలో నలభై పేజీలు వదిలేశాను. అవి నాకెప్పుడూ నచ్చలేదు.

అక్క


మేడ మీది నా గది,
అక్టోబరు 18

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాసేపు చేశాను. దళానికి సవరణ పంపాను: "దయచేసి కుడి కాలిది కూడా." టైలరు తన కుడి బూటుని అద్దాల బీరువాలో జ్ఞాపకంగా పెట్టుకున్నాడట, ఇవ్వడానికి బాధపడుతున్నాడు. సరిహద్దు నుంచి కూడా జవాబు వచ్చింది. ఒక సైన్యాధికారి గారు సొంత చేతిరాతతో రాశారు. "మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయి. మీ నవలలు నలభై కాపీలు అందాయి. ఇప్పుడు పొయ్యి తొందరగా అంటుకుంటోంది." ఆ ఉత్తరాన్ని అట్ట మీద వేద్దామా అని ప్రచురణకర్త అడిగాడు. మనిషికి పరాకు ఎక్కువ, రెండో వాక్యం దాకానే చదివినట్టున్నాడు.

అసలు కబురు ఇది. దళంలో మీ ఊరివాళ్ళు ఇక ప్రతి ఆదివారం నీ షెల్టరుకి వస్తారు. పళ్ళ డాక్టరుదీ మీ ఊరే, ఆయనే ముందుండి నడిపిస్తాడు. వడ్డిస్తారు, ఉతుకుతారు, ఏం చెబితే అది చేస్తారు. నాకూ రావాలనే ఉంది, నడుం నొప్పి. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని నువ్వనేలోపు నేనే అనేసుకుంటున్నాను, నీకు శ్రమ తగ్గుతుంది.

ఇంకోటి. అక్కడి వాళ్ళ అనుభవాలు ఒకటో రెండో రాసి పంపరాదూ? పన్నెండో నవలకి సరుకు తక్కువగా ఉంది.

నీ తమ్ముడు


షెల్టరు వంటగది,
నవంబరు 21

ఒరేయ్,

పంపను. వాళ్ళు నీ సరుకు కాదు.

నీ దళం వరసగా మూడు ఆదివారాలు వచ్చింది. మొదటి రోజు ఒకాయన పక్కన చేరి "ఎంతమందిని చంపారు?" అని అడిగారు. ఆయన సైన్యంలో ఇరవై ఏళ్ళు క్షవరాలు చేశాడు. "చంపలేదు గానీ చాలామందికి గాట్లు పెట్టాను" అన్నాడు. నీ క్లర్కులు అది కూడా నోటు పుస్తకంలో రాసుకున్నారు. లాభం లేదని అందర్నీ ఉల్లిపాయల దగ్గర కూర్చోబెట్టాను. దేశం కోసం అంత ఏడ్చినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. పళ్ళ డాక్టరు మాత్రం పనికొచ్చే మనిషే, పదకొండు మందికి నోళ్ళు బాగుచేశాడు. తన నోరు కూడా ఎవరిచేతనైనా చూపించుకుంటే బాగుండేది.

ఒక మంచం ఖాళీ అయింది. మేం తాళంచెవి అని పిలుస్తాం ఆయన్ని, మెళ్ళో ఎప్పుడూ ఒకటి వేలాడుతుంటుంది కాబట్టి. ఏడాది నుంచి ఉంటున్నాడు, పలకరిస్తే తప్ప మాట్లాడడు. మా నీళ్ళ పంపు ఆయన చేతి చలవతోనే నడుస్తోంది. కిందటి ఆదివారం భోజనాల వేళ పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. దుప్పటి కూడా మడతపెట్టి పోయాడు. ఊపిరితిత్తులు పాడైన మనిషి. బయట పడుకుంటే ఈ చలికాలం గట్టెక్కడు. ఇది నర్సు మాట, అక్క మాట కాదు.

ఎందుకు వెళ్ళాడని అడక్కు. వచ్చేవాళ్ళు వస్తుంటారు, పోయేవాళ్ళు పోతుంటారు.

అక్క


మేడ మీది నా గది,
నవంబరు 28

అక్కా,

అడగొద్దన్నావు. నేను అడగలేదు, నాకే తెలిసింది.

నిన్న పళ్ళ డాక్టరు నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. సంతోషం పట్టలేక రాశాడు. "సార్, మూడో నవల్లో ద్రోహి డ్రైవరు నిజంగా ఉన్నాడు సార్. మెళ్ళో బూటు తాడుకి కట్టిన తాళంచెవి. ఏం పని చేసేవారని అడిగితే లారీ డ్రైవర్నన్నాడు. వంతెన దగ్గర గాయపడ్డవాళ్ళని లారీలో వదిలేసి పారిపోయింది నువ్వేనా అని అందరి ముందూ అడిగేశాను సార్. కాదనలేదు. కెప్టెన్ ఏమన్నాడో అదే అనేశాను." కెప్టెన్ ఏమన్నాడో నాకు బాగా తెలుసు. "నిన్ను మోసినందుకు ఈ నేల సిగ్గుపడుతోంది." అది రాసిన రోజు నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇరవై రెండేళ్ళ కిందట నువ్వు సెలవు మీద ఇంటికొచ్చావు. అప్పటికి నా నవలలు రెండు వచ్చాయి, రెండూ చెదపురుగులకే నచ్చాయి. ఏదైనా చెప్పక్కా అని ప్రాణం తీశాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చెప్పావు. లారీలో గాయపడ్డవాళ్ళు ఐదుగురు. వంతెన. "డ్రైవరు తాళంచెవి మెళ్ళో వేసుకుని దిగి వెళ్ళిపోయాడు. ఇద్దరు పోయారు." అంతే, గిన్నె బోర్లించి బయటికెళ్ళావు. నేను మిగతాది అడగలేదు. అడిగితే కథ పాడవుతుందని భయపడ్డాను కాబోలు. మర్నాటి నుంచి నలభై పేజీలు ఏకబిగిన రాశాను. వాడు తాళంచెవి తీసుకుపోయింది ఇంకెవరూ ఆ బండి నడపకుండా ఉండాలనీ, శత్రువుకి అమ్ముడుపోయాడనీ, అన్నీ నేనే కల్పించాను. నన్ను రచయితని చేసింది ఆ నలభై పేజీలే.

ఒక్క మాట రాయి. ఆయన ఆయనేనా?

నీ తమ్ముడు


షెల్టరు, నా గది,
డిసెంబరు 4

తమ్ముడూ,

ఆయనే.

నీకు సగమే చెప్పాను. ఆ సగం ఎవరైనా ఎలా అర్థం చేసుకుంటారో నాకు తెలుసు, తెలిసే ఆపేశాను. మిగతా సగం ఇది.

వంతెనకి ఇవతల లారీ ఇరుసు విరిగింది. వెనక ఐదుగురు, నేను, ఒక మందుల పెట్టె. డ్రైవరు దిగనన్నాడు. బండి వదిలి కదలకూడదని వాళ్ళకి నియమం. నేనే ఆయన మీద అరిచాను. "బండి ఎలాగూ కదలదు, నువ్వైనా కదులు, పరిగెత్తి ఎవరినైనా తీసుకురా" అని భుజం పట్టుకుని కిందికి తోశాను. ఆయన తొమ్మిది మైళ్ళు పరిగెత్తాడు. ఇంకో బండి తీసుకుని తిరిగొచ్చాడు. అప్పటికి ఇద్దరు పోయారు. ముగ్గురు బతికారంటే ఆయన వల్లే.

విచారణ పెట్టారు. "నర్సమ్మ పొమ్మన్నారు" అని ఆయన చెప్పాడు. నన్ను పిలిచారు. డ్రైవరుకి ఆజ్ఞ ఇచ్చే హక్కు నర్సుకి లేదు. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది. "గాయపడ్డవాళ్ళ పనిలో ఉన్నాను, ఎప్పుడు వెళ్ళాడో గమనించలేదు" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఆయన్ని తీసేశారు, పనిచేసినట్టు ఒక్క కాగితం కూడా ఇవ్వకుండా. కాగితం లేనివాడిని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

నువ్వు అప్పుడు ఉద్యోగం సద్యోగం లేకుండా కూర్చుని రాస్తున్నావు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు భయమేసింది, అంతే.

ఈ షెల్టరు నేనేదో పుణ్యానికి పెట్టాననుకుంటారు జనం. ఆయన్ని వెతుకుతూ పెట్టాను. కిందటేడు ఒక పార్కులో దొరికాడు. కాగితాలు లేకపోయినా మంచం ఇచ్చాను, మందులిచ్చాను. ఆ ఒక్క మాట మాత్రం ఏడాదిలో ఒక్కసారి కూడా నోటికి రాలేదు. ఆయనా అడగలేదు. నీ పుస్తకం సంగతి ఆయనకి తెలియదు, ఇప్పుడు తెలిసింది. ఆ ఆదివారం ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పారు.

ఆ మూడో నవల మళ్ళీ అచ్చయిన ప్రతిసారీ నువ్వొక కాపీ పంపేవాడివి. అక్కకి ప్రేమతో అని సంతకం పెట్టి. పదిహేడు కాపీలున్నాయి నా దగ్గర.

అక్క


మేడ మీది నా గది,
డిసెంబరు 10

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను తిట్టాలని కూర్చుంటే రావడం లేదు. నువ్వు భయపడి నోరు మూసుకున్నావు, నేను ఆ జీతంతో తిని, ఆ మూసుకున్న నోటి మీదే పేరు సంపాదించాను. మనిద్దరిలో ఎవరు ఎక్కువ దొంగో తేల్చడం కష్టం. నువ్వు ఒక్క అబద్ధం చెప్పావు. నేను దాన్ని పదిహేడుసార్లు అచ్చేశాను.

పొద్దున్న దళానికి ఒక పిలుపు రాశాను. "వీరులారా, కదలండి, మన అన్నని వెతికి తెద్దాం" అని మొదలైంది. రెండు పేజీలయ్యాక చదువుకుంటే కెప్టెన్ గొంతే వినబడింది. ఇంకో పేజీ రాస్తే ఆ డ్రైవరు కొండ మీద జెండా పట్టుకుని నిలబడేవాడు. చింపేశాను. నా చేతికి ఇది తప్ప వేరే రాత రాదేమోనని మొదటిసారి భయం పట్టుకుంది.

ఆయన చలిలో ఎక్కడో ఉన్నాడు. వెళ్ళగొట్టింది నేను. సైనికులకి సాయం చేద్దామని బయల్దేరి ఉన్న ఒక్క సైనికుణ్ణీ రోడ్డు మీదికి నెట్టానంటే, ఇంతకన్నా గొప్ప దేశసేవ ఎవరు చేస్తారు? ఏం అచ్చెయ్యాలో నువ్వే చెప్పు. నాకు తోచడం లేదు.

నీ తమ్ముడు


షెల్టరు వంటగది,
డిసెంబరు 15

తమ్ముడూ,

కింద ఉన్నది అచ్చెయ్యి. నీ దళంలో ప్రతి ఒక్కరికీ పంపు, నవల మళ్ళీ వేస్తే మొదటి పేజీలో పెట్టు. సైన్యం ఆఫీసుకి ఇదే నేను వేరే పంపాను. ఒక్క అక్షరం మార్చకు. ఎక్కడైనా గుండె బరువెక్కిందని చేర్చావంటే నీ వీపు బరువెక్కుతుంది.

"ఇరవై రెండేళ్ళ కిందట వంతెన దగ్గర లారీ ఇరుసు విరిగింది. డ్రైవరు బండి వదలనన్నాడు. వదిలి వెళ్ళి సాయం తెమ్మని చెప్పింది అందులో ఉన్న నర్సునైన నేనే. ఆయన తొమ్మిది మైళ్ళు పరిగెత్తి సాయం తెచ్చాడు. ముగ్గురు బతికారు. విచారణలో అడిగితే నాకు తెలియదని అబద్ధం చెప్పాను. ఆయన్ని తీసేశారు. నా తమ్ముడి మూడో నవల్లో ద్రోహి డ్రైవరు కథ నా అబద్ధం మీద కట్టింది. ఆ డ్రైవరు ద్రోహి కాదు."

ఆయన్ని వెతకమని మాత్రం రాయకు. జనం మందగా వెతికితే ఇంకా దూరం పోతాడు.

అక్క


మీ ఊరి బస్సు డిపో, టైర్ల గది పక్కన బల్ల,
జనవరి 22

అక్కా,

అడ్రసు చూసి కళ్ళు నులుముకుంటున్నావా? గడప దాటాను. రైల్లో పదకొండు గంటలు కూర్చున్నా నడుం నొప్పి రాలేదు, అదేమిటో మరి.

నీ మాటలు అక్షరం మార్చకుండా అచ్చేశాను. రెండు చోట్ల చేయి దురద పెట్టింది, ఓర్చుకున్నాను. ముప్పై మంది నవల తిప్పి పంపారు. ఒకాయన ఆ నలభై పేజీలు బ్లేడుతో కోసేసి మిగతాది ఉంచుకున్నాడట, మిగతాది బాగుందట. టీచరమ్మ ఒక్క ముక్క రాసింది: "మేజోళ్ళ గురించి అడిగాను, ఇంత దూరం వస్తుందనుకోలేదు." పళ్ళ డాక్టరు రెండు రోజులు ఆస్పత్రి తెరవలేదు. తర్వాత ఎవరికీ చెప్పకుండా రోజూ సాయంత్రం స్కూటరు మీద పార్కులూ బస్టాండులూ తిరిగాడు. నెల రోజులకి ఈ డిపోలో కనబడ్డాడు ఆయన. బస్సులు కడుగుతున్నాడు, పక్కన పడేసిన పాత బస్సులో పడుకుంటున్నాడు. దాని కిటికీలకి అద్దాల్లేవు. డాక్టరు ఈసారి నోరు మూసుకుని నాకు కబురు పంపాడు.

నేను వచ్చేసరికి ఆయన చక్రం రుద్దుతున్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా బస్సుకి ఆనుకుంటున్నాడు. ఎవరు మీరన్నాడు. పుస్తకాలు రాస్తానన్నాను.

"దేని గురించి?"

"యుద్ధాల గురించి."

"మీరు ఏ యుద్ధంలో ఉన్నారు?"

"దేంట్లోనూ లేనండి."

"మంచిపని చేశారు" అన్నాడు, మళ్ళీ చక్రం రుద్దుతూ.

మీ గురించి తప్పుడు కథ రాసింది నేనేనని చెప్పాను. ఆయన గుడ్డ పిండి ఆరేశాడు. పుస్తకం తెచ్చారా, చదవండి అన్నాడు. టైరు మీద కూర్చుని నా నలభై పేజీలూ ఆయనకి చదివి వినిపించాను. అక్కా, జీవితంలో ఏ విమర్శకుడూ నాకు అంత శిక్ష వెయ్యలేదు. ఒక చోట ఆపమన్నాడు.

"మీ పుస్తకంలో లారీకి ఏమైంది?"

"ఏమీ కాలేదండి, బాగానే ఉంది."

"బాగున్న బండి వదిలేసి నడుచుకుంటూ పారిపోయేవాడు డ్రైవరేంటండీ? పారిపోవాలనుకుంటే బండేసుకునే పోతాడుగా. దిగినప్పుడు తాళంచెవి మెళ్ళో వేసుకోవాలనేది మొదటి రోజు నేర్పే పాఠం. తర్వాత తిరిగి ఇద్దామంటే తీసుకునేవాడు లేడు."

పదిహేడు ముద్రణలు, అక్కా. వేలమంది పాఠకులు. ఒక్కరికీ తట్టని ప్రశ్న. నాకు అసలే తట్టలేదు.

తర్వాత నీ అచ్చు కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి, నాకే తిరిగిచ్చాడు. బాగా రాశారన్నాడు. అయితే వచ్చేయండి, మీ మంచం అలాగే ఉందన్నాను. రానన్నాడు. డాక్టరు మీద కోపమా అని అడిగాను. అప్పుడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, నేనేం కల్పించలేదు.

"ఆ డాక్టరుదేముంది, పుస్తకంలో ఉన్నదే అన్నాడు. నేను లేచింది ఆయన మాటకి కాదు. నర్సమ్మ అక్కడే ఉంది, నా పళ్ళెంలో వడ్డిస్తూ. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడైనా ఏదో అంటుందని చూశాను. చాలాసేపు చూశాను. పక్క పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయింది."

తర్వాత తెలిసిందని నాకు రాశావు. అచ్చేసిన దాంట్లో కూడా ఇది లేదు. నిన్ను నిలదీసే మొహం నాకు లేదు, ఆ మాట నిజమే. కానీ ఆయన దగ్గు విన్నాను. చలి ఇంకా నెలరోజులుంది. కాగితం ఆయనకి చాలదు, అక్కా. నువ్వు రా.

నీ తమ్ముడు


షెల్టరు, భోజనాల గది,
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

ఆయన చెప్పింది నిజం. నేను అక్కడే ఉన్నాను. నీకు అబద్ధం రాశాను. ఒప్పుకుంటూ కూడా కాస్త దాచుకోవడం అలవాటైపోయింది, ఈ వయసులో కొత్తగా నేర్చుకునే పాడు బుద్ధేమీ కాదు.

ఉత్తరం మా గేటు దగ్గర ఇచ్చేసి నువ్వు రైలెక్కిన మర్నాడే డిపోకి వెళ్ళాను. నిన్ను వెనక్కి పిలవకపోవడానికి కారణం ఉంది, ఉంటే రాస్తావు. దారి పొడుగునా ఏమనాలో కట్టుకుంటూ వెళ్ళాను. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాను. మొదలుపెట్టబోతే ఆయన ఆపాడు. "ఇక్కడ నేనెవరికీ తెలియదమ్మా. ఇక్కడ చెబితే ఎవరికి? నన్ను తెలిసినవాళ్ళ ముందు చెప్పండి" అన్నాడు. ఆదివారం వస్తానన్నాడు, భోజనానికి కాదు, వినడానికి.

ఆదివారం వచ్చాడు. తన చోట్లోనే కూర్చున్నాడు. ముప్పై మందీ ఉన్నారు, నీ దళం పదిమంది వడ్డిస్తున్నారు. పళ్ళ డాక్టరు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. నేను గది మధ్యకి వెళ్ళాను. గరిటె చేతిలోనే ఉండిపోయింది, పెట్టడం మర్చిపోయాను, ఎవరినో కొట్టడానికి వచ్చినట్టున్నాను. వంతెన దగ్గర ఆయన్ని పంపింది నేనేనని చెప్పాను.

చెంచా చప్పుడు కూడా లేదు గదిలో. ఆయన తలెత్తి, "వినబడలేదమ్మా" అన్నాడు.

గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. విచారణలో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. వంటగదిలో ఉన్నవాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆయన నా మొహం వైపే చూస్తూ, "వినబడలేదు" అన్నాడు.

నాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, పారిపోవాలనిపించింది. అరవై ఏళ్ళ దాన్ని, అందరి ముందూ ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పాను. కిందటిసారి ఈ గదిలోనే, ఈయన పక్కనే నిలబడి అంతా విన్నాను, ఈయన నా వైపు చూస్తున్నాడని తెలుసు, తెలిసే పక్క పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయాను అని చెప్పాను.

"వినబడింది" అన్నాడు. ఖాళీ పళ్ళెం నా గరిటె ముందుకి జరిపాడు.

అక్క